మూకీ నుంచి మంథర దాకా: పాత సినిమాల యాప్‌కు ఏడాది చందా

పాత హిందీ సినిమాలకే ప్రత్యేకించిన ఒక యాప్‌కు నిరుడు ఏడాది చందా కట్టాను. ఆ గడువు ఈ నెలాఖరుతో ముగుస్తుంది. కొనసాగించాలా, మానుకోవాలా అని తేల్చుకునే ముందు ఏడాది అనుభవాన్ని ఒకచోట రాసిపెట్టడం మంచిదనిపించింది. యాప్ పేరు మాత్రం రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే లోపాలను నేను చూసిన ఇతర సేవల్లోనూ కొంచెం అటూ ఇటూగా గమనించాను కనుక, పేరు ఏదైనా చందా కట్టదలచినవారికి ఈ సమీక్ష ఉపయోగపడాలి.

నేను చందా కట్టింది ఒక నటి కోసం. లలితా పవార్ నటనను వీలైనంత మొదటి నుంచి చివరి దాకా వరుసగా చూడాలన్న కోరిక చాలాకాలంగా ఉంది. మా ఇంట్లో ఆమె పేరు మంథర. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ ‘రామాయణ్’ మొదలైన నాటి నుంచి ఏడాదిన్నర పాటు ఆదివారం ఉదయం టీవీ ఉన్న ప్రతి ఇల్లూ పొరుగువాళ్లతో నిండిపోయేది. ఆ రోజుల్లో కైకేయి చెవి దగ్గర వంగి గుసగుసలాడిన ముసలిదాన్ని మా అమ్మ ఇప్పటికీ మరిచిపోలేదు. ఏ సినిమాలో ఆ ముఖం కనబడినా “అదిగో మంథర” అంటుంది. ఆ మంథర అంతకు 59 ఏళ్ల ముందు, 1928లో, మాటలే లేని ‘రాజా హరిశ్చంద్ర’లో బాలనటిగా కెమెరా ముందుకు వచ్చారని చెబితే అమ్మ నమ్మలేదు. నమ్మించడానికి ఈ యాప్ పనికొస్తుందనుకున్నాను.

మొదటి రోజే తెలిసిన సంగతి ఏమిటంటే, ఈ యాప్‌లో కథానాయకులను వెతకడం సులువు, క్యారెక్టర్ నటులను వెతకడం కష్టం. ఆమె పేరు కొడితే రెండు వేర్వేరు జాబితాలు వచ్చాయి. ఇంగ్లిషు అక్షరాల్లో ఆమె పేరును ఒకచోట ఒక రకంగా, మరోచోట ఇంకో రకంగా రాయడం వల్ల ఒకే మనిషి ఇద్దరైపోయారు. రెండు జాబితాలూ కలిపి చూసినా కొన్ని సినిమాలు దొరకలేదు. హీరో పేరుతో వెతికితే అవే సినిమాలు వచ్చాయి, తెరిచి చూస్తే అందులో ఆమె ఉన్నారు. సుమారు 700 చిత్రాల్లో నటించారని చెప్పుకునే వ్యక్తికి ఆ యాప్ కేటాయించిన పరిచయం ఒకే ఒక్క వాక్యం: అత్త పాత్రలకు, తల్లి పాత్రలకు ప్రసిద్ధి అని.

ఇంకొక చిన్న విషయం నన్ను ఎక్కువగా బాధపెట్టింది. పాత హిందీ సినిమాల్లో నటీనటుల పేర్లు మొదట్లోనే వస్తాయి. యాప్ ఆ భాగాన్ని సీరియళ్ల టైటిల్ సాంగ్‌తో సమానంగా చూసి, దాన్ని దాటవేయడానికి తెర మూలన ఒక మీట పెట్టింది. అమ్మ చేతిలో రిమోట్ ఉంటే ఆ మీట తప్పకుండా నొక్కబడుతుంది. హీరో పేరు పోస్టర్ మీద ఎలాగూ ఉంటుంది, దర్శకుడి పేరు వివరాల్లో ఉంటుంది. లలితా పవార్ పేరు, ఆమె పక్కన వరుసగా వచ్చే పది పేర్లు మాత్రం ఆ రెండు నిమిషాల్లోనే ఉంటాయి.

ఇక మూకీల సంగతి. యాప్‌లో ఆమె తొలి సినిమా అని చూపించింది 1950 నాటిది. అంటే ఆమె నట జీవితంలో మొదటి 22 ఏళ్లు యాప్ దృష్టిలో లేనట్టే. దీనికి పూర్తిగా యాప్‌నే తప్పు పట్టడం న్యాయం కాదు. మన దేశంలో వెయ్యికి పైగా మూకీలు తయారైతే నేడు మిగిలినవి అతి కొద్ది, వాటిలోనూ చాలావరకు ముక్కలే. ఆనాటి నైట్రేట్ ఫిల్మ్ త్వరగా అంటుకుంటుంది, సరిగా దాచకపోతే దానంతట అదే జిగురై, పొడై పోతుంది. టాకీలు వచ్చాక మూకీలకు విలువ లేదనుకుని అందులోని వెండి కోసం కరిగించినవీ ఉన్నాయి. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడింది 1964లో. అప్పటికే పోవలసినవి పోయాయి, 2003లో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో నైట్రేట్ ప్రతులు మరికొన్ని పోయాయి. లేని సినిమాను ఏ యాప్ చూపించలేదు. అయితే లేదన్న మాటైనా చెప్పవచ్చు. ఆమె జాబితా పైన “1928 నుంచి నటించారు, తొలినాటి చిత్రాలు ఇక్కడ లేవు” అని ఒక్క వరుస రాస్తే, చూసేవాళ్లకు ఆమె 34 ఏళ్ల వయసులో ఆకాశం నుంచి ఊడిపడలేదని తెలిసేది.

ఆ లేని భాగంలో ఏముందో తెలియకపోతే ఉన్న భాగం సరిగా అర్థం కాదు, అందుకే క్లుప్తంగా చెబుతాను. ఆమె 1916 ఏప్రిల్ 18న నాసిక్ జిల్లా యేవలాలో పుట్టారు. పైఠణీ చీరలకు పేరున్న ఊరు అది. అసలు పేరు అంబ. 1932లో ‘కైలాస్’ అనే మూకీలో నటించడమే కాక దాని నిర్మాణంలో భాగస్వామి అయ్యారు, ఆ తరువాత ‘దునియా క్యా హై’ అనే టాకీని నిర్మించారు. అంటే మనకు తెలిసిన గయ్యాళి అత్త ఒకప్పుడు కథానాయిక, నిర్మాత కూడా. 1942లో ‘జంగ్-ఎ-ఆజాదీ’ చిత్రీకరణలో నటుడు భగవాన్ దాదా ఆమెను చెంపదెబ్బ కొట్టవలసిన సన్నివేశం ఒకటి ఉంది. దెబ్బ అనుకున్నదానికన్నా గట్టిగా తగిలింది. ముఖంలో ఒక పక్క పక్షవాతం వచ్చింది, ఎడమ కంటిలో నరం చిట్లింది. మూడేళ్ల చికిత్స తరువాత కూడా ఆ కన్ను చిన్నదిగానే మిగిలిపోయింది. హీరోయిన్ వేషాలకు దారి మూసుకుపోయింది.

ఆమె ఆ కన్నును దాచుకోలేదు. 1944లో వచ్చిన ప్రభాత్ ఫిల్మ్ కంపెనీ వారి ‘రామశాస్త్రి’లో ఆనందీబాయిగా నటించారు. పీష్వా నారాయణరావును పట్టుకొమ్మని రాసిన ఆజ్ఞలో ఒక్క అక్షరం మార్చి చంపమని చేసిందని మరాఠాలు చెప్పుకునే ఆనందీబాయి ఆవిడే. అక్కడి నుంచి మిగిలిన యాభై ఏళ్లూ ఆ కన్నే ఆమె చేతి పనిముట్టయింది. జాగ్రత్తగా చూస్తే, ఎదుటివారు మాట్లాడుతున్నప్పుడు కుడి కన్ను ఆ మాటను వింటుంటుంది, ఎడమ కన్ను నమ్మనట్టు ఉంటుంది. మాట పూర్తయ్యేలోగా ఆమె తల ఏ వైపు తిప్పుతారన్న దాన్ని బట్టి మనకు కనబడేది జాలా, అనుమానమా అన్నది మారిపోతుంది. అందుచేత ఈ యాప్‌లోని ప్రింట్ల నాణ్యతను కొలవడానికి నేను పెట్టుకున్న గీటురాయి ఒకటే: ఆ ఎడమ కన్ను కనబడుతుందా, లేదా. ‘రామశాస్త్రి’ యాప్‌లో లేదు కనుక దాని సంగతి నేను చెప్పలేను.

ఉన్నవాటిలో పాతది, శాంతారాం 1950లో తీసిన ‘దహేజ్’, ఈ పరీక్షలో తప్పింది. ప్రింటు మసకగా ఉంది, తెల్లనివన్నీ మరీ తెల్లగా, నల్లనివన్నీ మరీ నల్లగా ఉన్నాయి, ముఖంలో కళ్ల చోట రెండు గుంటలు తప్ప ఏమీ తెలియడం లేదు. కోడలిని కాల్చుకుతినే అత్తగా ఆమెను దేశానికి పరిచయం చేసిన ఈ సినిమాలో చివరికి మనకు మిగిలేది గొంతు. ఆ గొంతు మాత్రం అద్భుతం.

1955 నాటి రెండు చిత్రాల ప్రింట్లు చాలా బాగున్నాయి, యాప్‌కు ఇవ్వవలసిన మార్కులు ఇక్కడే ఇవ్వాలి. గురుదత్ ‘మిస్టర్ అండ్ మిసెస్ 55’లో ఆమె సీతాదేవి, మేనకోడలికి ఆస్తి దక్కడం కోసం ఉత్తుత్తి పెళ్లి ఏర్పాటు చేసే స్త్రీ హక్కుల నాయకురాలు. సినిమా ఆ పాత్రను ఎగతాళి చేయాలని చూస్తుంది. ఈ రోజు చూస్తే సీతాదేవి మాటల్లో సగం న్యాయమే అనిపిస్తుంది, అందుకు కారణం కథ కాదు, ఆమె నిలబడిన తీరు. వి.కె. మూర్తి ఛాయాగ్రహణం వల్ల ప్రతి ముఖం మీదా వెలుగు ఎక్కడ ఆగిందో స్పష్టంగా తెలుస్తుంది, ఈ ప్రింటులో అది చెడలేదు. అదే ఏడాది ‘శ్రీ 420’లో ఆమె అరటిపళ్లు అమ్ముకునే గంగామాయి. ఖరీదైన చీరలో మెడ ఎత్తి మాట్లాడిన మనిషి ఇక్కడ పేవ్‌మెంటు మీద గొంతుకూర్చుని రాజ్ కపూర్‌తో పండ్ల బేరం ఆడుతుంది. మన భాషలోని ‘రామయ్యా వస్తావయ్యా’ హిందీ పాటలోకి వచ్చి చేరింది కూడా ఈ సినిమాలోనే కనుక, తెలుగువాళ్లు దీన్ని ఎలాగూ చూస్తారు. చూసినప్పుడు ఒక కన్ను గంగామాయి మీద ఉంచమని నా మనవి. ఒకే ఏడాది వచ్చిన ఈ రెండు సినిమాలను వరుసగా రెండు రాత్రులు చూశాక అమ్మ “ఈవిడ మంథర మాత్రమే కాదన్నమాట” అంది. చందా డబ్బులో సగం ఆ మాటతో తీరిపోయిందనుకున్నాను.

మిగిలిన సగం 1959 తీర్చవలసింది, ‘సుజాత’ తీర్చింది, ‘అనాడీ’ని యాప్ పాడుచేసింది. ఈ రెంటినీ కలిపి చూడాలి. ‘సుజాత’ బిమల్ రాయ్ తీసినది, ‘అనాడీ’ ఆయన దగ్గర ఎడిటర్‌గా పనిచేసి ఎదిగిన హృషీకేశ్ ముఖర్జీ తీసినది. మొదటిదానిలో లలితా పవార్ గిరిబాల, కులం పట్టింపు ప్రాణంగా ఉన్న పెద్దావిడ. దళిత శిశువును ఇంట్లో పెంచుకుంటున్నారని తెలిసినప్పటి నుంచి ఆమెకు ఆ ఇంట్లో ఊపిరాడదు. గమనించవలసింది ఏమిటంటే ఆమె గిరిబాలను దుర్మార్గురాలిగా ఆడరు. పూజ చేసుకునే మనిషి, బంధువుల మేలు కోరే మనిషి, కొంగు సవరించుకుని ఒక అడుగు వెనక్కి వేసే మనిషి. ఆ ఒక్క అడుగులో ఉన్న క్రూరత్వం ఆమెకు తెలియదు, మనకు తెలుస్తుంది. యాప్‌లోని ‘సుజాత’ ప్రింటులో అక్కడక్కడా గీతలు, చుక్కలు ఉన్నాయి, ఒకచోట బొమ్మ కొంచెం ఊగుతుంది. అయినా ముఖాలు సహజంగా ఉన్నాయి, ఫిల్మ్‌లోని సన్నని రేణువు అలాగే ఉంది. నా లెక్కలో ఇది మంచి ప్రింటు.

‘అనాడీ’లో ఆమె మిసెస్ డిసా, బొంబాయిలో గది అద్దెకిచ్చే క్రైస్తవ వృద్ధురాలు. అద్దె కోసం రాజ్ కపూర్‌ను తిడుతూ ఉంటుంది, తిట్టినంతసేపూ అతను తిన్నాడో లేదో కనిపెడుతూ ఉంటుంది. చివరికి అతను పనిచేసే సంస్థ అమ్మిన కల్తీ మందు మింగి ఆమే చనిపోతుంది, ఆ నేరం అతని మీద పడుతుంది. ఈ పాత్రకే ఆమెకు ఉత్తమ సహాయ నటిగా ఫిల్మ్‌ఫేర్ పురస్కారం వచ్చింది. అంతకన్నా మంచి పాత్ర ఆమెకు దొరకలేదని నా అభిప్రాయం. యాప్ ఈ సినిమాను “పునరుద్ధరించిన ప్రతి” అని గొప్పగా ప్రకటించింది. పునరుద్ధరణ అంటే ఏం చేశారో మిసెస్ డిసా మొదటి క్లోజప్‌లోనే తెలిసింది. గీతలు, మచ్చలు తుడవడానికి వాడిన కంప్యూటర్ పద్ధతి, ఏది ఫిల్మ్ మీది గీతో, ఏది ముఖం మీది ముడతో తేడా పట్టలేక రెంటినీ కలిపి తుడిచేసింది. వృద్ధురాలి చెంపలు మైనం పూసినట్టు నున్నగా మెరుస్తున్నాయి. ఎడమ కంటి చివర, రెప్ప వాలిన చోట ఉండవలసిన సన్నని మడత మాయమై, ఆ కన్ను నిద్ర మత్తులో ఉన్నట్టుంది. తిడుతూ ప్రేమించడం అనే అంత సున్నితమైన పని ఆ మడతలోనే జరుగుతుంది. నాకు చాలా ఏళ్ల కిందట ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో గీతలు పడ్డ ప్రింటు మీద చూసిన ‘అనాడీ’ గుర్తుంది. వాన కురుస్తున్నట్టున్న ఆ బొమ్మలో నాకు ఆ ముఖం ఇంతకన్నా బాగా కనబడింది.

రంగుల్లోకి వచ్చాక ‘జంగ్లీ’, ‘ప్రొఫెసర్’ రెండూ యాప్‌లో ఉన్నాయి. ‘జంగ్లీ’ (1961)లో ఇంట్లో నవ్వు నిషేధించిన తల్లి, ‘ప్రొఫెసర్’ (1962)లో ముసలి వేషంలో వచ్చిన షమ్మీ కపూర్‌ను నిజంగా పెద్దమనిషనుకుని మనసు పారేసుకునే కఠినురాలైన అత్త. రంగులు కొంచెం ఎర్రగా తేలాయి కాని చూడటానికి ఇబ్బంది లేదు. ‘ప్రొఫెసర్’ విడుదలైన 1962లోనే మన దగ్గర ‘గుండమ్మ కథ’ వచ్చింది. సూర్యకాంతం గారి గుండమ్మను చూసి ప్రేక్షకులు ఎలా నవ్వుతూ భయపడ్డారో, ఇక్కడా అదే జరుగుతుంది. ఒక తేడా ఉంది. గుండమ్మ మారినా మనం ఆమె పక్కనే కూర్చుని నవ్వుకుంటాం. ఈ అత్త అద్దం ముందు నిలబడి సింగారించుకోవడం మొదలుపెట్టిన క్షణంలో నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. ఇరవై ఏళ్ల కిందట అందగత్తె వేషాలు పోగొట్టుకున్న మనిషి ఆ అద్దం ముందు ఉన్నారని తెలిసి చూస్తే ఇంకా కష్టం. ‘జంగ్లీ’ వచ్చిన 1961లోనే ఆమెకు సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది.

1971 నాటి ‘ఆనంద్’ ప్రింటు అన్నింటికన్నా శుభ్రంగా ఉంది. అందులో ఆమె ఆసుపత్రి మేట్రన్. పాత్ర పేరు మళ్లీ డిసా, దర్శకుడు మళ్లీ హృషీకేశ్ ముఖర్జీ. పన్నెండేళ్ల కిందట కల్తీ మందుతో చనిపోయిన మిసెస్ డిసా ఇప్పుడు మందులిచ్చే చోట తిరిగి వచ్చిందా అనిపించే ఈ చిన్న చమత్కారాన్ని యాప్‌లో ఎక్కడా పేర్కొనలేదు. “ఇది చూసినవారు ఇవి కూడా చూడవచ్చు” అన్న వరుసలో ‘ఆనంద్’ కింద రాజేశ్ ఖన్నావి పన్నెండు సినిమాలు చూపిస్తుంది, ‘అనాడీ’ ఒక్కటీ చూపించదు.

చివరగా ‘రామాయణ్’. దీనికోసమే అమ్మ ఎదురుచూసింది, దీనిలోనే యాప్ అన్నింటికన్నా పెద్ద తప్పు చేసింది. ఆ సీరియల్ చిత్రీకరించిన కాలంలో టీవీ తెర వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు. నేటి టీవీల వెడల్పుకు అది సరిపోదు. ఇరుపక్కలా నల్లని పట్టీలు వస్తాయి. ఆ పట్టీలు బాగుండవని యాప్‌వారు బొమ్మను సాగదీసి, పైనా కిందా కత్తిరించి, తెర నిండుగా చేశారు. లెక్క వేస్తే బొమ్మ ఎత్తులో నాలుగో వంతు పోయింది. రాముడికి కిరీటం అంచు తెగింది, అది సరిపెట్టుకోవచ్చు. మంథర గూనిది. ఆమె నటన అంతా వంగిన నడుములో, తల పైకెత్తి కైకేయి ముఖంలోకి చూసే కోణంలో ఉంటుంది. కైకేయి నిలబడితే మంథర ముఖం తెరలో కింది సగంలో ఉంటుంది. కింద కత్తిరించినప్పుడు కొన్ని చోట్ల ఆమె గడ్డం దగ్గరే బొమ్మ ఆగిపోయింది, చేతులు ఏం చేస్తున్నాయో తెలియడం లేదు. 2020లో లాక్‌డౌన్ సమయంలో దూరదర్శన్ తిరిగి ప్రసారం చేసినప్పుడు మొదటిసారి ఆ సీరియల్ చూసిన పిల్లలకు, నల్లపట్టీలతోనైనా సరే, పూర్తి మంథర కనబడటం ఎందుకు అవసరమో చెప్పడానికి ఈ ప్రతి పనికిరాదు.

ఈ కత్తిరింపు గురించి యాప్‌వారికి ఉత్తరం రాశాను, ఏ ఎపిసోడ్‌లో ఏ నిమిషంలో ఏమి తెగిందో కూడా రాశాను. నా ఫోన్‌లో యాప్‌ను ఒకసారి తీసేసి మళ్లీ పెట్టుకొమ్మని సమాధానం వచ్చింది. రెండోసారి రాస్తే అదే సమాధానం మళ్లీ వచ్చింది. సాంకేతికంగా చూస్తే సేవలో పెద్ద అంతరాయాలు లేవు. నెమ్మదైన నెట్‌లోనూ సినిమా ఆగకుండా సాగింది, ప్రకటనలు లేవు, చందా రోజుకు ఒక టీ ఖరీదు కూడా కాదు. సబ్‌టైటిల్స్ ఇంగ్లిషులో మాత్రమే ఉన్నాయి. మిసెస్ డిసా మాట్లాడే బొంబాయి క్రైస్తవుల హిందీని, గిరిబాల మడి కట్టుకున్న హిందీని ఒకే రకం ఇంగ్లిషులో చదివితే, ఇద్దరూ ఒకే ఇంటి మనుషుల్లా వినబడతారు. హిందీ వచ్చినవారు వాటిని ఆపేసి చూడటం మేలు.

హీరోల సినిమాలు, పాటలు చూసుకోవాలనుకునేవారు నిస్సంకోచంగా చందా కట్టవచ్చు. ఒక క్యారెక్టర్ నటుణ్ణో నటినో వెంబడించి చూడాలనుకునేవారు ముందుగా ఒక కాగితం మీద సినిమాల పేర్లు, సంవత్సరాలు తామే రాసుకుని, ఆ కాగితం పట్టుకుని యాప్‌లోకి వెళ్లాలి. యాప్ ఆ పని చేసిపెట్టదు. నా మట్టుకు నేను దానంతట అదే పొడిగించుకునే ఏర్పాటును నిన్న రద్దు చేశాను. ఇంకా తొమ్మిది రోజుల గడువుంది. అమ్మ ‘ప్రొఫెసర్’ సగంలో ఆపింది, అద్దం సన్నివేశం దాకా రాలేదు. ఆ సినిమా పూర్తయ్యాక ‘సుజాత’ మరొక్కసారి చూస్తానంది.